వదినకు వేయని టీకా

మా వదిన చెవులు పోవడానికి నేను కారణమో కాదో నాకు తెలియదు. ఆమెకు పడాల్సిన టీకా పడకపోవడానికి మాత్రం నేనే కారణం. ఈ రెండు మాటల మధ్య సందులో ఇన్నేళ్లూ దాక్కుని బతికాను. మోయలేక కాదు, మోస్తున్నట్టు ఎవరికీ కనబడనివ్వకుండా ఉండలేక అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, అన్నా నేనూ నడిపే మందుల షాపు ఉండేది. పైన ఇల్లు. నాన్న, అన్న, వదిన, నేను. సైనిక ప్రభుత్వం రోజులవి. కొన్ని మందులు ఊళ్లో దొరికేవి కావు. ఓడల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా తెస్తేనే.

వదిన ఎక్కిన బస్సు బోల్తా పడింది. కడుపులో ప్లీహం చితికిపోతే తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అన్ననూ నన్నూ కూర్చోబెట్టి చెప్పాడు. న్యూమోకాకస్ అనే సూక్ష్మజీవి చాలామంది ముక్కులో, గొంతులో ఊరికే ఉంటుంది, ఏమీ చెయ్యదు. పసిపిల్లల్లో, ముసలివాళ్లలో, ప్లీహం లేనివాళ్లలో అదే ఊపిరితిత్తుల్లోకో రక్తంలోకో మెదడు పొరల్లోకో దిగుతుంది. ప్లీహం లేని మనిషిని గంటల్లో ముంచేస్తుంది. టీకా ముందుగానే వేయించాలి, జ్వరం వచ్చాక అది పనికిరాదు. ఒళ్లు వెచ్చబడితే ఒక్క పూట కూడా ఆగకుండా తీసుకురండి. ఇదంతా నేను విన్నాను. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

వదిన తమ్ముడు ఓడలో పనిచేసేవాడు. సింగపూర్ నుంచి ఫ్లాస్కులో ఐసు ప్యాకెట్ల మధ్య పెట్టి ఒకే ఒక్క టీకా తెచ్చాడు. అప్పుడు డాక్టరు ఊళ్లో లేడు. వచ్చేదాకా షాపు ఫ్రిజ్‌లో ఉంచమని అన్న నా చేతికిచ్చాడు.

నాన్న జీవితమంతా చిమిండైంగ్ పేటలోని బియ్యపు మిల్లులో పనిచేశాడు. ఛాతీ పాడైంది. కిందటి వానల్లో న్యుమోనియా వచ్చి చావు అంచుదాకా వెళ్లాడు. ఆ వారం మళ్లీ దగ్గు మొదలైంది. దగ్గే మనిషి కళ్లెదుట ఉన్నాడు. వదిన చూస్తే రెండు చేతులా నీళ్ల బకెట్లతో మెట్లెక్కుతోంది. ఆమెకేం అవుతుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అనుకోవడం ఆ పూటకు అవసరమైందా? వదినను అడిగి ఉండొచ్చు. కాదంటుందని భయపడ్డానో, సరేనంటే ఆ మేలు మోయలేననుకున్నానో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, బలానికి సూది అని చెప్పి, ఆ మందు నాన్నకు వేశాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి నవ్వాడు.

మర్నాడు కరెంటు పోయింది, మందు పాడైంది, పారేశానని చెప్పాను. రంగూన్‌లో కరెంటు పోయిందంటే ఎవరు అనుమానిస్తారు? అన్న విసుక్కుని ఊరుకున్నాడు. వదిన వంటింట్లో కూర తరుగుతోంది.

“ఏటి బాబూ, మందు పాడైపోనాదట?”

“అవునొదినా. కరెంటు పోనాది. సూసుకోలేదు.”

“పోన్లే, నువ్వేటి సేస్తావు. పాడవకముందే అది మావకైనా ఏయించీసుంటే బాగుణ్ణు. ఒకటే దగ్గుతున్నారు పాపం. తమ్ముడు మళ్లీ వచ్చినప్పుడు రెండు తెమ్మందాం.”

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. నేను షాపులోకి దిగిపోయాను.

ఆమె తమ్ముడి ఓడ ఇంకా తిరిగి రాలేదు. ఒక పొద్దున వదినకు చలి పుట్టింది, ఒళ్లు కాలింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికల్లా అన్నను కూడా గుర్తుపట్టలేదు. మెదడు పొరలకు సోకిందన్నారు. టీకా వేయించారా అని డాక్టరు అడిగితే, “పాడైపోనాది సయా,” అని అన్న జవాబిచ్చాడు. డాక్టర్లను మేం అలాగే పిలుస్తాం. నేను పక్కనే ఉన్నాను.

బతికింది. రెండు చెవులూ పోయాయి.

తర్వాత ఒకసారి డాక్టరును విడిగా అడిగాను: టీకా వేసి ఉంటే ఇది రాకపోయేదా? “ఖాయంగా చెప్పలేం. అది అన్ని రకాలనూ ఆపదు. కానీ చాలావాటినుంచి కాపాడుతుంది,” అన్నాడు. మొదటి రెండు మాటలు దాచుకున్నాను. మూడోది విననట్టే చాలాకాలం గడిపాను.

వదిన తమ్ముడు ఈసారి రెండు తెచ్చాడు. ఒకటి వదిన వేయించుకుంది. రెండోదాని కోసం నాన్నను తనే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయనకు ఒకటి పడిందని నేనెలా చెప్పను? రెండోదీ పడింది. నాన్న చెయ్యి వాచి నొప్పి పెడితే కాపడం పెట్టింది వదినే. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

నాన్నకు మళ్లీ న్యుమోనియా రాలేదు. చాలా ఏళ్లకు గుండె ఆగి పోయాడు. ఆయన్ని కాపాడింది నేను దొంగిలించిన మందో, ఆమె ఇచ్చిన మందో, రెండూ కాదో? అదీ ఎవరూ చెప్పలేరు. తన ఒంట్లోకి ఏం వెళ్లిందో ఆయనకు తెలియదు. అన్న కూడా తెలియకుండానే పోయాడు.

వదిన ఉంది. మన పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది. ఆమె ఎదుట కూర్చుని పెదవులు కదిపితే చాలు, గొంతు కూడా అక్కర్లేదు. ఆ పని నేను చెయ్యలేదు. చేస్తానని మీకు మాట కూడా ఇవ్వను. ఆమె క్షమిస్తుందేమోనన్నదే నా భయం.

టీకా నేను తీసుకున్నాను. అబద్ధం చెప్పాను. ఇన్నేళ్లలో ఈ రెండు వాక్యాలూ ఒకచోట పెట్టడం ఇదే మొదలు. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడింది.