రత్నం కట్టిన గది

దెయ్యాలున్నాయని ఎవరైనా చెబితే వాళ్ళ ముఖం మీదే నవ్వేదాన్ని. ఇప్పటికీ ఉన్నాయని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది, అదీ దాచను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ అయిపోయాక, ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో త్రీడీ మోడలింగ్ నేర్చుకోవడానికి చేరాను. మా నాన్నగారికి పోర్టులో ఉద్యోగం. గోదావరి జిల్లా నుంచి వచ్చి వన్ టౌన్‌లో ఒక పాత ఇంట్లో అద్దెకుండేవాళ్ళం.

తెర మీద ఒక పెట్టె పెట్టి, దాన్ని లాగీ నొక్కీ కుర్చీగానో బల్లగానో మార్చడం మొదటి పాఠం. నా కుర్చీ నాలుగు కాళ్ళూ నేలకు ఆనడానికి వారం పట్టింది. అయినా మా బ్యాచ్‌లో నేనే ముందు. మూర్తి సారు అందరికీ నా పనే చూపించేవారు.

రెండు నెలలకు నూకరత్నం చేరింది. జాలరిపేట అమ్మాయి. వాళ్ళమ్మ చేపలమ్మేది. మౌస్ పట్టుకోవడం కూడా మా సెంటర్‌లోనే నేర్చుకుంది. మూడో వారానికల్లా తెర మీద ఒక నాటుపడవ కట్టింది. ఆ చెక్కల వంపులు చూపించడానికి సారు అందరినీ పిలిచి, "నువ్వు కాస్త పక్కకు జరగమ్మా, వెనకవాళ్ళకు కనబడట్లేదు" అన్నారు నాతో. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉద్యోగానికి సారు ఒక్కరి పేరే పంపుతారని తెలిశాక కుళ్ళు మరీ ముదిరింది. రత్నం పక్కనుంచి వెళ్తే చేపల కంపు కొడుతోందన్నట్టు ముక్కు మూసుకునేదాన్ని. నిజానికి ఏ వాసనా వచ్చేది కాదు.

ఆఖరి పనిగా ఎవరికి నచ్చిన గది వాళ్ళను కట్టమన్నారు. నేను మా ఇంటి ముందుగది మొదలుపెట్టాను. రెండు గోడలు లేపానో లేదో, ఒక మధ్యాహ్నం రత్నం తెర చూసి ఆగిపోయాను.

అది మా గదే. ఒక ఊచ లేని కిటికీ, మూల విరిగిన గడప, మధ్యలో వంగిన అటక. అవేవీ నేనింకా కట్టలేదు. రత్నం మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఒక్కటే తేడా. కిటికీకి ఎడమ పక్క గోడలో తను ఒక గూడు పెట్టింది, పైన కమాను. లోపలంతా నల్లరంగు. మా ఇంట్లో అక్కడ ఉత్త గోడే. రంగు వేయడం చేతకాక అలా వదిలేసిందనుకున్నాను.

భయపడాల్సింది. కానీ నాకు మంచి అవకాశం దొరికిందనిపించింది. సారు దగ్గరకెళ్ళి, నా ఫైలు కాపీ కొట్టిందని చెప్పాను.

"నాను కాపీ కొట్టనేదు సార్," అంది రత్నం. "కళ్ళు మూసుకుంటే ఆ గది కనబడ్డాది. కనబడినట్టు కట్టీసాను."

ఆ గది మాదేనని నేను ఒట్టేసి చెప్పాను. అది నిజమే కదా. సారు నా ఫైలు తెరిచి చూడనే లేదు. మర్నాటి నుంచి రత్నం రావడం మానేసింది.

పది రోజుల తర్వాత, వానలకు మా ముందుగది గోడ ఉబ్బితే ఇంటి ఓనరు మేస్త్రీని తీసుకొచ్చారు. దెబ్బ పడగానే గోడ డొల్లగా మోగింది. పెచ్చులు ఊడదీస్తే లోపల గూడు. కిటికీకి ఎడమ పక్కన. పైన కమాను. లోపలంతా దీపం మసి.

"ఇక్కడ గూడుండేదని మా అయ్య సెప్పేవోడు," అన్నారు ఓనరు. ఆయనకు డెబ్బై దాటాయి. "నాను పుట్టకముందే మూసీసారంట. నానూ ఇదే సూడ్డం."

టేపు తెచ్చి కొలిచాను. మర్నాడు సెంటర్‌లో రత్నం ఫైలు తెరిచాను. కిటికీ నుంచి దూరం, నేల నుంచి ఎత్తు, అంగుళం కూడా తేడా లేదు.

ఆ సాయంత్రమే జాలరిపేట వెళ్ళాను. రత్నం ఇంటి ముందు ఎండుచేపలు గంపకెత్తుతోంది. నేను చెప్పిందంతా చెయ్యి ఆపకుండా విన్నది.

"ఐతే గూడున్నాది గదా. నాను అబద్దమాడనేదు గదా," అంది. "ఈ మాట నాకెందుకు సెప్తన్నావ్? సారుకి సెప్పు."

చెప్పాను. నా ఫైల్లో అప్పటికి రెండు గోడలే ఉన్నాయని కూడా ఒప్పుకున్నాను. సారు తిట్టలేదు గానీ, తర్వాత నాతో సరిగా మాట్లాడలేదు. హైదరాబాద్‌కు రత్నం పేరే వెళ్ళింది.

తను బయల్దేరే రోజు బస్టాండ్‌కి వెళ్ళి అడిగాను, మళ్ళీ అలా ఇంకేదైనా కనబడిందా అని.

"నేదు. అదొక్కటే. మీ ఇల్లే ఎందుకు కనబడ్డాదో నాకూ తెల్దు," అంది.

ఎవరైనా చెప్పారేమో, ఎక్కడైనా చూసిందేమో అని ఎన్నో విధాల ఆలోచించాను. ఆ గూడు చూసినవాళ్ళెవరూ అప్పటికి బతికున్నట్టు లేరు. నేను ఆ గోడ పక్కనే పదకొండేళ్ళు పడుకున్నాను, ఒక్కనాడూ నాకేమీ తట్టలేదు. రత్నానికి ఎలా కనబడిందో ఇప్పటికీ చెప్పలేను. నాకెందుకు కనబడలేదన్న ఉడుకుమోత్తనం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.