మూడో సీటు లేని బండి

మెకానిక్ స్క్రూడ్రైవర్ మొనను బండి అడుగున ఒకచోట ఆనించి కొంచెం ఒత్తాడు. అది పిడి దాకా లోపలికి పోయింది. బయటికి లాగితే దాని వెంట ఎర్రటి తుప్పు పొడి రాలి అతని మోచేతి మీద పడింది. ఇంకోచోట ఒత్తాడు. అక్కడా అంతే. మూడోచోట ఒత్తబోయి, పక్కన నిలబడ్డ బండి యజమాని మొహం చూసి ఆగిపోయాడు.

హోసూరులో బాగలూరు రోడ్డు పక్కన ఉన్న వర్క్‌షాపు అది. బండి ర్యాంపు మీద మా తలల కన్నా ఎత్తున ఉంది. పైనుంచి చూస్తే ఎర్రగా, నున్నగా, నిన్ననే షోరూం నుంచి తెచ్చినట్టు ఉండే బండి. అడుగు భాగం చూడటం నాకు అదే మొదటిసారి. ఇరవై ఏళ్లకు పైగా దాన్ని తుడిచి, కడిగి, కప్పి కాపాడుకున్న యజమానికి కూడా అదే మొదటిసారేమో.

"బాడీ ఫైబరన్నా, దానికేమీ కాలేదు. కింద మోసే ఇనుప చాసిస్సు పోయింది," అన్నాడు మెకానిక్. తమిళం కలిసిన తెలుగు అతనిది. "దీన్ని రోడ్డు మీదికి తీసుకుపోవద్దండి. పెద్ద గుంతలో పడితే నడిమికి రెండు తుండ్లయిపోతాది."

సముద్రం ఒడ్డున తిరిగే బండ్లకు తప్ప ఇట్లాంటి తుప్పు తను చూడలేదని చెప్పి, బండిని యాడ పెడతారని అడిగాడు. మా ఊరికి సముద్రం యాడుందప్పా, ఉంటే గింటే డ్యాము నీళ్లు అని యజమాని నవ్వబోయాడు. ఆ తర్వాత, "పట్టుపురుగుల షెడ్డులో పెడతాము," అన్నాడు.

"ఆ షెడ్డులో ఏమి చల్లుతారు?"

యజమాని నా వైపు చూశాడు. ఏం చల్లుతారో నాకూ తెలుసు.

అతనిది గురుబరపల్లి, కుందారపల్లి మధ్య హైవే నుంచి లోపలికి దిగే మట్టిదారిలో ఒక ఊరు. తాతల నాటి నుంచి అక్కడే భూమి. కొంత మామిడి, కొంత మల్బరీ. నేను దినపత్రికకు పనిచేసిన ఏళ్లలో పొద్దున్నే పట్టుగూళ్ల మార్కెట్‌కు పోయి ఆనాటి ధరలు రాసుకొచ్చేవాణ్ణి. రైతులు టెంపోల్లో, ఆటోల్లో, బస్సు టాపుల మీద గూళ్ల మూటలు తెచ్చేవాళ్లు. ఒకరోజు మార్కెట్ గేటులోకి నేలను రాసుకుంటున్నట్టు ఒక ఎర్ర కారు వచ్చింది. పైకప్పు లేదు. రెండే సీట్లు. పక్క సీటులో మనిషి ఎత్తున తెల్లటి గూళ్ల మూట, దానికి తాడు చుట్టి కట్టి ఉంది. కాపలా మనిషి లేచి నిలబడి, "ఏమప్పా, పెండ్లికూతురా?" అని అడిగాడు. "అవును, వేలం పాటకు తెచ్చినాను," అన్నాడు యజమాని. అప్పటి నుంచి మాకు స్నేహం.

అది మన దేశంలోనే తయారైన స్పోర్ట్స్ కారు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. లోపలి ఇంజను ఒక మామూలు చిన్నకారుది. కాబట్టి చూడటానికి ఉన్నంత వేగం దానికి లేదు. మామిడి బాగా పండిన ఒక ఏడాది, బెంగళూరులో ఒకాయన ఇల్లు మారుతూ అమ్ముతుంటే కొన్నాడు. ట్రాక్టర్ చూసొస్తానని చెప్పి పోయి, దీంతో తిరిగొచ్చాడు. ఊళ్లో చాలాకాలం దాన్ని బల్లి అన్నారు. ఎక్కాలంటే చెప్పులు విడవాల్నా అని ఒకడు, ఇది నాటిన కారా, ఇంకా ఎదగాల్నా అని ఇంకొకడు. అతను ఎవరితోనూ వాదించలేదు. అడిగినవాళ్లను మల్బరీ తోట చుట్టూ ఒక రౌండు తిప్పి దించేవాడు. దిగినవాడు మోకాళ్లు పట్టుకుని లేస్తూ నవ్వేవాడు కాబట్టి ఆ వేళాకోళం ఎప్పుడూ చేదుగా మారలేదు.

బండి పెట్టడానికి చోటు చూడటమే కష్టమైంది. చెట్టు కింద పెడితే కోతులు మడిచి పెట్టిన గుడ్డ పైకప్పు చించాయి. పశువుల కొట్టం పక్కన పెడితే దూడ అద్దం నాకి వంచేసింది. చివరికి అతని భార్య తన పట్టుపురుగుల షెడ్డులో ఒక మూల ఇచ్చింది. పురుగులు పెంచే షెడ్డు అంటే ఆ పొలంలో అంతకన్నా శుభ్రమైన చోటు లేదు. కిటికీలన్నిటికీ ఈగ దూరనంత సన్నటి వల, ఎలుక రాకుండా సిమెంటు నేల, గుమ్మంలో కాళ్లు అద్దుకోవడానికి సున్నం. తన ఇంటి చుట్టాలను కూడా చేతులు కడుక్కోనిదే లోపలికి రానివ్వని మనిషి, బండికి చోటివ్వడం చిన్న విషయం కాదు.

అయితే ఒక షరతు పెట్టింది. పట్టుపురుగుకు వాసన పడదు. అగరుబత్తి పొగ, బీడీ పొగ, తలకు రాసుకున్న నూనె వాసన, ఏదైనా మేత మానేస్తుంది. పెట్రోలు పొగ సంగతి చెప్పక్కర్లేదు. అందుకని షెడ్డులోగానీ, దాని దరిదాపుల్లోగానీ ఇంజను తిప్పకూడదు. బయటికి పోవాలంటే బండిని మల్బరీ తోట చివరి మలుపు దాకా చేతులతో తోసుకుపోవాలి. ఆ మలుపు దాకా ఎగుడు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మలుపులోనే ఇంజను ఆపేసి, ఆ ఎగుడే దిగుడుగా వాడుకుని చప్పుడు లేకుండా దొర్లించుకుంటూ షెడ్డులోకి రావాలి. అతను ఆ రాకను చాలా గర్వంగా చేసేవాడు. బ్రేకు తొక్కకుండా సరిగ్గా మూలలో ఆగేట్టు లెక్క కుదిరింది. పురుగులు లేని రోజుల్లో కూడా అట్లాగే చేసేవాడు.

తోసేటప్పుడు ఒక పక్క అతను, ఒక పక్క ఆమె. కోడలు నడుము వంచి కారు తోస్తుంటే అత్తకు చూడబుద్ధి కాలేదట. ఆ అత్త ఇప్పుడు లేదు. ఒకసారి కృష్ణగిరిలో డాక్టరును చూడాలని, కోడలిని దిగమని తను ఎక్కి కూర్చుంది. కూర్చోవడం కూర్చుంది గానీ, ఆసుపత్రి ముందు దిగలేకపోయింది. నేలకు అంత దగ్గరగా ఉన్న సీటులోంచి ఆమెను పైకి లేపడానికి దారిన పోయే ఇద్దరిని పిలవాల్సి వచ్చింది. మళ్లీ ఎప్పుడూ ఆ బండి మాట ఎత్తలేదు.

పంట మొదలయ్యే ముందు, గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే చాకీ కేంద్రం నుంచి చిన్న పురుగులను తెచ్చుకోవాలి. వెంట్రుక ముక్కల్లా ఉండే పిల్ల పురుగులవి. ఎండ ఎక్కకముందే, చల్లని గాలిలో, కుదుపు లేకుండా తేవాలి. ఆమె ఆ ట్రేలను ఒడిలో పెట్టుకుని పక్క సీటులో కూర్చునేది. పైన కప్పు లేదు కాబట్టి పొగ నిలవదు, గాలి బాగా ఆడుతుంది, మూసిన టెంపోలో తెచ్చిన పురుగుల కన్నా ఇవి హుషారుగా ఉంటాయని ఆమె నమ్మకం. అది నిజమో కాదో నేను చెప్పలేను. ఏడాదికి ఎన్ని పంటలు పెడితే అన్నిసార్లు ఆ ప్రయాణం జరిగేది. సీటు బెల్టు ట్రేల మీదుగా వేసుకుని, చీర కొంగు వాటి మీద కప్పి ఆమె వస్తుంటే హైవే మీద లారీ డ్రైవర్లు తొంగి చూసేవాళ్లు.

ఈ బండి మీద ఎందుకంత ఇష్టమని నేను అతన్ని చాలాసార్లు అడిగాను. అడగడం నా ఉద్యోగం కూడా. మొదటిసారి రంగు అన్నాడు. కొన్నేళ్ల తర్వాత, స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు చేతికి తెలుస్తుందన్నాడు. ఇంకోసారి, నేల అంత దగ్గరగా పోతుంటే నలభైలో పోయినా ఎనభైలా ఉంటుందన్నాడు. ఇవన్నీ కలిపి ఒక చిన్న కథనం రాశాను. ఆ రోజు పేజీలో చోటు చాలక ఫోటో, దాని కింద రెండు వాక్యాలు మాత్రమే మిగిలాయి. అతను దాన్ని ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. నాకే ఏదో దొరకలేదనిపించింది. అతను చెప్పినవన్నీ ఏ కొత్త కారు కంపెనీ అయినా ప్రకటనలో చెప్పే మాటలే.

పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఇప్పుడు మళ్లీ గడువు దగ్గర పడింది. ముందు మెకానిక్‌కు ఒకసారి చూపిద్దామని హోసూరు తెచ్చి, నేను ఇక్కడే ఉంటాను కాబట్టి నన్నూ పిలిచాడు. అట్లా ఆ స్క్రూడ్రైవర్ దిగడం ఇద్దరం కలిసి చూశాం.

షెడ్డులో చల్లేది బ్లీచింగ్ పౌడరు. ప్రతి పంట ముగిశాక రోగాలు అంటకుండా దాన్ని నీళ్లలో కలిపి గోడలకు, తట్టలకు కొడతారు, నేలంతా కడుగుతారు. పట్టు రైతులెవరైనా చేసేదే. ఈమె ఇంకా శ్రద్ధగా చేసేది. ఎన్నడూ ఆమె పంట రోగంతో పోలేదని మార్కెట్‌లో అందరికీ తెలుసు. ప్రతిసారీ చల్లే ముందు బండి మీద మందపాటి టార్పాలిన్ పట్ట కప్పి, అంచులు జాగ్రత్తగా దోపేది. నేల కడిగిన నీళ్లు మాత్రం వాలుగా ఉన్న మూలకు, బండి కిందికి పోయేవి. రోజుల తరబడి ఆ ఆవిరి పట్ట కింద తిరిగేది. ఫైబరును అది ఏమీ చేయలేదు. ఇనుమును తినేసింది.

బండిని వర్క్‌షాపులో వదిలి పొమ్మని మెకానిక్ అంటే యజమాని ఒప్పుకోలేదు. టెంపో మాట్లాడి దాని మీద ఎక్కించాం. షూళగిరి దాటాక, ఇంట్లో బండికి వయసైందని చెబుదామప్పా, చాలు అన్నాడు అతను.

షెడ్డులో పురుగులు చివరి దశలో ఉన్నాయి, ఆకు విపరీతంగా తినే రోజులు. టెంపో డ్రైవరును మలుపులోనే ఆపమన్నాడు. బండిని అక్కడ దించి, అలవాటు ప్రకారం దిగుడులోకి వదిలాం. అది ఎప్పటిలాగే చప్పుడు లేకుండా దొర్లి షెడ్డు ముందు ఆగింది. ఆమె ఆకు తట్ట దించి బయటికొచ్చి, మలుపులో ఉన్న టెంపోను చూసింది.

"ఏమప్పా, బండి ఇంకో బండెక్కి వచ్చింది?"

"వయసైందంట. చాసిస్సు బలం లేదన్నాడు."

ఆమె ఇంకేమీ అడగకుండా బండి పక్కన కూర్చుని, కిందికి చెయ్యి పోనిచ్చి తడిమింది. వేళ్లకు అంటిన తుప్పును వాసన చూసింది. షెడ్డు నేల వైపు, నీళ్లు పోయే వాలు వైపు చూసింది.

"పైన కప్పినాము," అంది. "కింద ఎవురూ కప్పలేదే."

"పురుగులు బతకాల్నా వద్దా? నువ్వేమి చేస్తావు. నేనైనా ఒకసారి వంగి చూసింటే తెలిసేది."

"నువ్వు యాడ వంగుతావు? ఎక్కేటప్పుడే కదా వంగేది."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. చేతులు కడుక్కుని, కాళ్లు సున్నంలో అద్దుకుని పురుగులకు ఆకు వేయడానికి లోపలికి పోయింది. మేత వేసే వేళ దాటకూడదు.

తర్వాత ఆమె కాఫీ తెచ్చినప్పుడు, ఇన్నేళ్లూ అతన్ని అడిగిన ప్రశ్న ఆమెను అడిగాను. అప్పటిదాకా ఆమెను అడగాలని నాకు తోచలేదు. బండి అతని పేరు మీద ఉంది, అతనే నడుపుతాడు.

"ఆయప్పను అడిగితే ఇంజనంటాడు, కలరంటాడు," అంది. "నేను కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఎంతమంది ఉండిరో నీకు తెలియదన్నా. మేమిద్దరం ఒక మాట మాట్లాడుకునేదానికి జాగా యాడుండె? ఇంకో కారైతే ఎనకాల ముగ్గురు ఎక్కుతారు. దీంట్లో మూడో సీటు లేదు. చాకీకి పోయి వచ్చేదాకా మేమిద్దరమే." కొంచెం ఆగి, "గాలికి ఏమి చెప్పాలన్నా అరవాల. ఆయప్ప మీద అరిచేది నేను ఆడనే నేర్చుకొన్నాను," అంది.

అతను కాఫీ గ్లాసులోకి చూస్తూ, అవునప్పా, బాగా నేర్చుకునింది అన్నాడు. వాళ్లు ఈ మాట ఇంతకు ముందు ఎప్పుడైనా అనుకున్నారో లేదో నాకు తెలియదు. కొత్తగా విన్నట్టు మాత్రం అతను కనిపించలేదు.

హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ల కొడుకు ఆదివారం వచ్చి, ఇంజను తీసేసి బాడీని అలంకారంగా పెట్టుకుందామన్నాడు. మంచి ఆలోచనే. తల్లి ఒప్పుకోలేదు. తిరగని బండిలో ఎవరు కూర్చుంటారని అడిగింది. చాసిస్సుకు కొత్త ఫ్రేము చేయించాలని నిర్ణయమైంది.

పురుగులు గూళ్లు కట్టాక ఒక పొద్దున ఊళ్లోవాళ్లు వచ్చి బాడీని చాసిస్సు నుంచి ఎత్తి, ఇంటి ముందు వసారాలో గోనెసంచుల మీద దించారు. అప్పట్లో బల్లి అన్నవాళ్లలో మిగిలినవాళ్లు కూడా చేయి వేశారు. ఇంత తేలికా, ఇన్నాళ్లూ పెట్రోలెందుకు పోసినావప్పా, మేమే మోసుకుపోతుంటిమి కదా అన్నాడు ఒకాయన. ఆదివారాలు అక్కడ నిలిపే కొడుకు కారు వసారాలోంచి బయటికి, వానలోకి వచ్చింది. తుప్పుపట్టిన చాసిస్సు హోసూరు పోయింది.

మొన్నటి పంటకు చాకీ పురుగులు కొడుకు కారులో వచ్చాయి. ఆమె ట్రేలు పెట్టుకుని వెనక సీటులో కూర్చుంది. యజమాని ముందు కూర్చున్నాడు. ఏసీ చల్లగా ఉందని, కుదుపే తెలియలేదని చెప్పింది. పురుగులు బాగానే ఉన్నాయి.

కొత్త ఫ్రేము సగం వరకు తయారైంది. మెకానిక్ అక్కడ పని ఆపాడు. బండికి కంపెనీ కొట్టిన నంబరు ఉండేది పాత చాసిస్సు మీద, ముందు చక్రం దగ్గర. ఆ ఒక్క చోట ఇనుము ఇంకా గట్టిగా ఉంది. ఆ ముక్కను కోసి కొత్త ఫ్రేముకు అతికిస్తే ఇది అదే బండి అవుతుందా, లేక రిజిస్ట్రేషనే లేని ఇంకో బండి అవుతుందా అన్నది రవాణా ఆఫీసు చెప్పాలి. అనుమతి లేకుండా ఆ ముక్క మీద బ్లేడు పెట్టనని మెకానిక్ అన్నాడు. యజమాని అర్జీ ఇచ్చాడు, ఫోటోలు జతచేశాడు. నేను ఇది రాసే నాటికి జవాబు రాలేదు.