నాయినకు తెలుగులో చెప్పిన డిటెక్టివ్ కథలు

తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగినప్పుడు మా నాయిన వారాల తరబడి ఇంట్లో ఉన్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన సిటీ బస్సులో కండక్టర్. ఎల్‌బీ నగర్‌లో బయల్దేరి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా కోఠి వరకు పోవడం, మళ్ళీ వెనక్కి రావడం. సమ్మె రోజుల్లో పొద్దున్నే డిపో ముందు టెంటు కింద కూర్చుని, గొంతు పోయేలా నినాదాలిచ్చి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. ఆ తర్వాత ఏం చేయాలో ఆయనకు తోచేది కాదు. రెండు గదుల కిరాయి ఇంట్లో అటూ ఇటూ తిరిగేవాడు. టీవీ పెడితే ఏ చానల్లోనైనా సమ్మె వార్తలే.

"నేను చూసొచ్చిందే మళ్ళ నాకే చూపెడ్తున్నరు" అని కట్టేసేవాడు.

నేను అప్పటికి డిగ్రీ పూర్తి చేసి, బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు చైతన్యపురి వెళ్తున్నానని ఇంట్లో అందరి నమ్మకం. సమ్మె మొదలయ్యే నాటికే రెండు నెలలుగా నేను క్లాసులో అడుగు పెట్టడం లేదు. వందల మంది కిక్కిరిసిన హాల్లో, చివరి బెంచీ దాకా సరిగా వినపడని మైకులో, ఎదురెదురుగా వచ్చే రైళ్ళ లెక్కలు నా తలకెక్కలేదు. ఆ సంగతి చెప్పే ధైర్యమూ లేకపోయింది. రోజూ ఆ పక్క వీధిలో హాస్టల్లో ఉండే నా స్నేహితురాలి గదికి పోయి కూర్చునేదాన్ని. ఆమెది రాజమండ్రి, కోచింగ్ మధ్యాహ్నం బ్యాచ్. ఆమె లాప్‌టాప్‌లోనే మొదటిసారి, లండన్‌లో ఉండే ఒక డిటెక్టివ్ గురించిన ఆ ఇంగ్లీషు సీరియల్ చూశాను.

తొమ్మిదో తరగతి నాన్‌డిటెయిల్డ్ పుస్తకంలో ఆ డిటెక్టివ్ కథ ఒకటి మాకు పాఠంగా ఉండేది. అందులో గుర్రపు బగ్గీలు, గ్యాసు దీపాలు. సీరియల్లో అదే మనిషి టాక్సీ ఎక్కి, సెల్‌ఫోన్‌లో మెసేజీలు కొడుతున్నాడు. మొదట కాస్త కోపం వచ్చింది, పాత ఇంటికి కొత్త రంగు వేసినట్టు అనిపించింది. రెండో భాగానికల్లా ఆ కోపం పోయింది. కాలం ఎంత మారినా ఎదుటి మనిషిని అతను చూసే చూపు మారలేదు. నేను ఆ చూపు కోసమే చూసేదాన్ని.

సమ్మెకు ముందు రోజు స్నేహితురాలు బ్యాగు సర్దుకుంది. "మా నాన్నగారు ఒకటే కంగారు పడుతున్నారే, గొడవలన్నీ సర్దుకున్నాక వస్తాలే" అంటూ సీరియలంతా ఎక్కించిన పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. బస్సు దాకా వెళ్ళి ఎక్కించాను. మా నాయిన తెల్లారితే టెంటు కింద కూర్చుంటాడని ఆమెకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

సమ్మెతో కోచింగూ మూతపడి నేనూ ఇంట్లోనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం మా డీవీడీ ప్లేయర్‌కు పెన్‌డ్రైవ్ తగిలించి సౌండు తగ్గించి చూస్తుంటే, నాయిన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా, గాయన గామెను కింది నుంచి మీదికి గట్ల చూస్తున్నడు?"

"డిటెక్టివ్ నాయినా. చెప్పులు చూసి ఆమె యాడికెల్లి వచ్చిందో చెప్తడు."

"గదేం పెద్ద పని? మేం దినాం చేసేదే" అన్నాడు నాయిన. "పాసు చూపెట్టేటోడు తారీఖు మీద బొటనవేలు పెట్టిండనుకో, అది అయిపోయిన పాసే. ఇగ అడిగే పనే లేదు."

ఆ రోజు నుంచి నేను ఆపి ఆపి తెలుగులో చెప్పడం, ఆయన వినడం. మొదట్లో పుస్తకం చదివినట్టు చెప్పేదాన్ని. "జర మన తీరుగ చెప్పు" అన్నాడు. అలాగే చెప్పాను. రెండు రోజుల్లో లండన్ డిటెక్టివ్ "నువ్వేం పరేషాన్ గాకు, దొంగ గీ ఇంట్లనే ఉన్నడు" అనడం మొదలుపెట్టాడు. వంటింట్లో ఉన్న అమ్మకు నవ్వాగేది కాదు. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో సరిగ్గా కథ ముడి విప్పే వేళకు కరెంటు పోయేది. అది వచ్చేలోగా ఎవరు చేశారో నాయిన చెప్పేవాడు. సగం సార్లు తప్పేవాడు. తప్పినప్పుడు కథ రాసినవాడిదే తప్పనేవాడు.

బతుకమ్మ పండుగ నడుస్తున్న రోజుల్లో ఒక భాగం చూశాం. అందులో డిటెక్టివ్ ఒక ముసలి గుమాస్తాను చూసి, ఊడిన చొక్కా గుండీని బట్టి, భార్య అతన్ని విడిచి వెళ్ళిందని పదిమంది ముందు చెప్పేస్తాడు. నాకది ఎప్పుడూ గొప్ప సీనే. నాయిన మాత్రం "ఆపు" అన్నాడు.

"అందరి ముందట ఎందుకు చెప్పాలె? కనబడ్డదల్లా చెప్పాల్నా?"

తన బస్సెక్కే ఒకాయన గురించి చెప్పాడు. బూట్లు, టిఫిన్ డబ్బా, ఇస్త్రీ చొక్కా. రోజూ అదే వేళకు ఎక్కేవాడు, కానీ దిగే స్టాపు మారిపోతూ ఉండేది.

"నౌకరి పోయిందని సమజైంది. ఇంట్ల చెప్పలేదని గూడ సమజైంది. నేనేం అడగలే. పొద్దుగాల నమస్తే పెడ్తుండె, నేను గూడ పెడ్తుంటి. గంతే."

తెర మీది బొమ్మ కదలకుండా నిలబడి ఉంది. "నాయినా, నా సంగతేమన్న తెలుసా నీకు?" అని అడిగాను.

"కోచింగ్‌కు పోతలేవు" అన్నాడు, నా వైపు చూడకుండా. "షురూల దినాం తిడ్తుంటివి. సీటు దొరకలేదని, మైకు వినబడలేదని. సమ్మెకు రెండు నెలల ముందు సంది ఒక్క మాటన్న తిట్టలే. మనిషి దినాం ఎక్కే బస్సును తిట్టుడు బంద్ చేసిండంటే, ఆ బస్సు ఎక్కుతలేడన్నట్టు."

ఏడుపు ఆగలేదు. లెక్కలు రావడం లేదని, భయమేసి చెప్పలేదని, హాస్టల్ గదిలో గడిపానని అన్నీ చెప్పాను. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "మీ అమ్మకు నువ్వే చెప్పు. నేను చెప్ప" అని మాత్రం అన్నాడు.

మర్నాడు అమ్మకు చెప్పాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు "మరి ఏం జేస్తవ్?" అని అడిగింది. టీచరునవుతానన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చేదాకా నాకే తెలియదు. ఇంగ్లీషును ఒక మనిషికి అర్థమయ్యేలా చెప్పడంలో సుఖముందని ఆ మధ్యాహ్నాల్లోనే పసిగట్టి ఉంటాను. తర్వాతి సంవత్సరం బీఎడ్‌లో చేరాను. ఇప్పుడు హయత్‌నగర్‌లో ఒక బడిలో ఇంగ్లీషు చెప్తున్నాను. హోంవర్కు ఎందుకు రాయలేదో పిల్లల ముఖాల్లో చాలాసార్లు తెలిసిపోతుంది. అందరి ముందు అడగను.

సమ్మె ముగిసింది. తెలంగాణ మాత్రం అప్పుడు రాలేదు, ఇంకో రెండేళ్ళకు పైగా పట్టింది. నాయిన మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. సీరియల్లో ఇంకా రెండు భాగాలు మిగిలాయి. ఒక ఆదివారం మొదటి షిఫ్టు దిగి వచ్చాక, స్నానం చేసి, "పెట్టు, ఏమైతదో చూద్దాం" అన్నాడు. పెట్టాను. హత్య ఎలా జరిగిందో, ఎవరెవరి మీద అనుమానమో వరసగా చెప్పుకుంటూ పోయాను. చాలాసేపటికి పక్క నుంచి ఊకొట్టడం వినిపించక తిరిగి చూస్తే, నాయిన గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. సౌండు ఇంకాస్త తగ్గించి, చివరి దాకా నేనొక్కదాన్నే చూశాను.