పెచ్చు లేచిన పన్ను, ఏడు గంటల వార్తలు

ఇప్పుడంటే చేతిలో ఫోనున్న ప్రతివాళ్లూ వార్తలు చదివేస్తున్నారు గానీ, మా రోజుల్లో అద్దంకిలాంటి ఊళ్లో టీవీలో కనపడాలంటే ఒక్కటే దారి, ఊరి కేబుల్ వాళ్ల ఏడు గంటల వార్తలు. ఆ కేబుల్ నడిపేది మా వీధి పెద్దమనిషే, ఊరందరికీ డిష్ బాబాయి. అంతకుముందు చదివే అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందని తెలిసి, డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నేను వెళ్లి అడిగాను. ఒక వార్త చదివించి చూశాడు. గొంతు బాగుందట, చదవడం బాగుందట, కానీ లైటు వేస్తే నా పళ్ల క్లిప్పులు మెరిసి మొహమే కనపడ్డం లేదట. అవి తీయించుకుని సోమవారం సాయంత్రానికి వచ్చి కూర్చోమన్నాడు. ఎలాగూ ఆ నెలలో తీయాల్సినవే కాబట్టి సోమవారం పొద్దున్నే నాన్నని లాక్కుని గుంటూరు బస్సెక్కాను. (ఆదివారం డాక్టరుగారు ఉండరు. ఉంటే ఆదివారమే వెళ్లి గుమ్మంలో కూర్చునేదాన్ని.)

బ్రాడీపేటలో ఆ డాక్టరుగారి దగ్గర ఎప్పుడూ జనమే. నన్ను లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నమైంది. నాకు కాలు ఒక చోట నిలవడం లేదు. బస్సు దొరుకుతుందో లేదో, దొరికినా చిలకలూరిపేటలో ఎంతసేపు ఆపుతాడో, ఇంటికెళ్లి చీర కట్టుకోవడానికి టైముంటుందో లేదో. డాక్టరుగారు నిదానమైన మనిషి. తాపీగా కుర్చీ వెనక్కి వాల్చి, నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తు, ఆపేస్తాను అన్నారు. నా వాచీ ఉన్నది ఆ చేతికే. ఒక క్లిప్పు ఊడుతుంది, నేను టైము చూసుకోవడానికి చెయ్యెత్తుతాను, ఆయన ఆగిపోయి ఎక్కడమ్మా నొప్పి అంటారు, నోట్లో సామాన్లతో నేను ఆఁ ఊఁ అంటాను. ఇలా కొంతసేపు సాగాక ఆయనకి సంగతి అర్థమైంది.

"అమ్మా, నొప్పి పుడితే చెయ్యెత్తమన్నాను గానీ, టైము చూసుకోమనలేదు" అన్నారు.

ఆ తర్వాత నా చేతిని పట్టించుకోవడం మానేశారు. సరిగ్గా అప్పుడే ముందుపన్ను దగ్గరకొచ్చారు. పటకారు లాంటిదానితో పట్టుకుని తిప్పుతుంటే నిజంగానే ప్రాణం జివ్వుమంది. చెయ్యెత్తాను. ఆయన చూడలేదు. చెయ్యి కాదు, ఈసారి మనిషినే లేచాను. క్లిప్పు ఊడింది, దాంతోపాటు పంటి మీది ఎనామిల్ గోడకి సున్నం లేచినట్టు చిన్న పెచ్చు లేచొచ్చింది. ఆయన పాపం నాకంటే ఎక్కువ బాధపడి, కాసేపు కూర్చుంటే పూత వేసి పంపిస్తానన్నారు. కూర్చోవడమా? రేపొస్తానని చెప్పి చెప్పులేసుకున్నాను. అయితే ఈ పూటకి ఆ పంటికి చల్లగాలి తగలనివ్వకు అని మెట్ల దాకా వచ్చి చెప్పారు.

డిష్ బాబాయి స్టూడియో అంటే ఆయన క్యాసెట్ల కొట్టు వెనక గది. లైట్ల వేడికి నా పౌడరు కారిపోతుందని ప్రేమగా టేబుల్ ఫ్యాను తెచ్చి నా మొహానికెదురుగా పెట్టాడు. ఆపమందామంటే, మొదటిరోజే వంకలు పెడుతోందనుకుంటాడేమోనని భయం. నోరు తెరిస్తే గాలి సూటిగా ముందుపంటికే తగులుతోంది. పెదవులు విడీవిడనట్టు పెట్టి, కళ్లనీళ్లు ఆపుకుంటూ మొదటి వార్త చదివాను. గుంటూరు యార్డులో మిర్చి ధర బాగా పెరిగిందన్నది ఆ వార్త. నేను చదివిన తీరుకి ఊరు ఊరంతా అది పడిపోయిందనుకుంది. కొట్టుకి ఫోన్ల మీద ఫోన్లు. కెమెరా వెనక నిలబడ్డ మా నాన్న, పెరిగింది అన్న మాట చెవులారా విని కూడా, బయటికొచ్చాక గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పమ్మా, పెరిగిందా, తగ్గిందా?"

మా చేలో పండిన మిరపకాయ ఇంకా కల్లంలోనే ఉంది మరి. డిష్ బాబాయి మాత్రం, ఏడిస్తే ఏడిచింది గానీ తప్పు లేకుండా చదివిందని రోజూ రమ్మన్నాడు. మర్నాడు డాక్టరుగారు పూత వేశారు, పన్ను కుదుటపడింది. ఇక నన్నెవరాపుతారు? ఎన్నాళ్లో ఇనుము వెనక దాచుకున్న పళ్లు కదా, ఏ వార్తైనా వాటన్నిటినీ చూపిస్తూ చదివేదాన్ని. ఆ ఊపులోనే ఒకరోజు యార్డులో మిర్చి ధర పడిపోయిందన్న వార్త కూడా నిండుగా నవ్వుతూ చదివేసి, ఎలా చదివానో అడుగుదామని ఇంటికి పరిగెత్తాను. నాన్న టీవీ ముందే కూర్చుని ఉన్నాడు. మేము అప్పటికింకా కాయ అమ్మలేదు. నన్ను చూసి, ఎత్తిపొడుపేమీ లేకుండా, నిజంగా మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

"పళ్లు చక్కగా కనపడ్డాయమ్మా."

నేను సంతోషించి వెళ్లి అన్నం పెట్టుకున్నాను. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. దగ్గర కూర్చోబెట్టుకుని, కాస్త నోరు మూసుకుని మీ నాన్న మొహం చూడవే అని చెప్పాలనీ ఉంటుంది.