గడువు దాటిన వాటా

రెండు కుట్ల దర్జీ అంటే ఆ వీధిలో తెలియనివారు లేరు. ఊడిపోతుందేమోనన్న భయంతో ప్రతి కుట్టూ రెండుసార్లు వేసేవాడు. ఆయన బిగించిన గుండీలు విప్పలేక ఒక లావుపాటి కండక్టరు అదే చొక్కాతో రిటైరయ్యాడని చెప్పుకుంటారు. చీమ తుమ్మినా షట్టరు దించేసే మనిషి.

అలాంటివాణ్ణి ఆయన అక్క, తాను బతికుండగానే పెట్టిన ట్రస్టుకు ట్రస్టీని చేసింది.

"నన్నెందుకక్కా?"

"ధైర్యమున్నవాడైతే మింగేస్తాడురా. నువ్వు ముట్టుకోవడానికే జడుస్తావు."

అక్క పోయింది. ఆమె అప్పులూ పన్నులూ తీర్చి, మిగిలినది ఒక్కగానొక్క కూతురికి ఇచ్చెయ్యాలి. అన్నీ తీరాక ప్లీడరు గట్టిగానే చెప్పాడు. "ఇక ఆపే హక్కు మీకు లేదు. ఆలస్యమైతే కోర్టులో జవాబు చెప్పుకోవాల్సింది మీరే."

దర్జీకి కోర్టుకన్నా మేనకోడలి మొగుడంటే హడలు. వాడు దుకాణానికి వచ్చినప్పుడల్లా బల్లమీది కత్తెర తీసుకుని, నవ్వుతూ ఆడించేవాడు.

"మావయ్యగారూ, మా ఆవిడ సొమ్ము మీ దగ్గర పిల్లల్ని పెడుతోందా?"

"ఇంకో కాగితం రావాలి నాయనా."

సొమ్ము అందిన మర్నాడే వీడు ఊడ్చుకుని పిల్లను వీధిన పడేస్తాడని దర్జీ బెంగ. అందుకే వాయిదాల మీద వాయిదాలు వేశాడు. పిల్లను కాపాడుతున్నాననుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మేనకోడలే వచ్చింది. మండుటెండలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు. దర్జీ కంటికి ఆ గుడ్డ కింది వాపు దాగలేదు.

"ఏమిటే ఆ చెయ్యి?"

"తెలిసీ అడుగుతావేంటి మామయ్యా? నా వాటా ఎప్పుడిస్తావో చెప్పు."

"ఇస్తే వాడు లాక్కుంటాడే తల్లీ!"

"నా ఒక్కదాని ఖాతాలోనే వెయ్యమని అమ్మ రాసింది కదా. అది పడిన రోజే బయటపడదామని గది కూడా మాట్లాడుకున్నా. చూసి చూసి ఇంటావిడ వేరేవాళ్ళకి ఇచ్చేసింది. నీ భయం నన్ను కాపాడలేదు మామయ్యా. ఆ ఇంట్లో కట్టిపడేసింది."

దర్జీ లేచి, చెప్పులు తొడుక్కుని, ట్రస్టు కాగితాలు చంకన పెట్టుకున్నాడు.

"పద. బ్యాంకు ఇంకా మూసెయ్యలేదు."

మెట్లు దిగుతుంటే ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎదురుగా మందుల షాపు నీడలో, మోటారుసైకిలు మీద వాడు.

"మామయ్యా, చూస్తున్నాడు. నీకు కాళ్ళు వణుకుతున్నాయి."

"వణకనీవే. వణుకుతూ కూడా నడవొచ్చు."

వెనక మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఇద్దరూ వెనక్కి తిరగకుండా నడుస్తూనే ఉన్నారు.