మా అక్కకు అమ్మ పెట్టిన పత్యం

మా అక్క బరువు గురించి మా కాలనీలో అభిప్రాయం లేని మనిషి లేడు. మాది పాల్వంచ. నాయినది థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. షిఫ్టు దిగి వచ్చేవాళ్లు నిద్ర ఆపుకొని మరీ మా గేటు దగ్గర ఆగి సలహా ఇచ్చిపోయేవాళ్లు. ఒకరు నిమ్మకాయ నీళ్లన్నారు, ఇంకొకరు ఉలవల కట్టన్నారు. అన్నం మానేసి చూడమన్న పెద్దమనిషి పొట్ట అయితే ఆయన కంటే ముందే మా గేటు దాటేది. అక్క అన్నీ తాగింది, అన్నీ మానేసింది. బరువు మాత్రం ఎవరి మాటా వినలేదు.

అక్క ఏఎన్ఎం, ఊళ్లు తిరిగి టీకాలు వేసే సర్కారు నర్సు. చర్ల అవతల, అడవిలో ఒక సబ్ సెంటర్. బస్సు దిగాక స్కూటీ, స్కూటీ ఇక నావల్ల కాదన్న చోటి నుంచి నడక, భుజాన టీకాల డబ్బా. ఆ ఊళ్లల్లో బాలింతలకు ఆమె ఏళ్ల తరబడి చెప్పిన మాట ఒకటే: "పప్పు తినుండ్రి, గుడ్డు తినుండ్రి, చీము పట్టదు, నాది పూచీ." ఇరవై తొమ్మిదేళ్లకే ఆమెకు షుగరొచ్చింది, మోకాళ్లు అరిగాయి. ఒకరోజు వాగు దాటలేక ఒడ్డు మీదే కూలబడిపోయింది. అవతలి ఊరి తల్లులే పిల్లల్ని చంకనేసుకొని వాగు దాటి వచ్చి, టీకాలు వేయించుకొని పోయారు. ఆ వారం ఇంటికొచ్చినప్పుడు ఆపరేషన్ మాట ఎత్తింది.

రెండువేల ఏడో ఎనిమిదో. గుండెకు ఆపరేషన్ అంటే జనం అయ్యో అనే రోజులు. బరువు తగ్గడానికి ఆపరేషన్ అంటే మాత్రం నవ్వే రోజులు.

"నోరు కట్టుకుంటే అయ్యేదానికి కడుపు కోసుకుంటదా?" అంది మా మేనత్త, మా ఇంట్లో మూడో అరిసె తింటూ.

నేనూ ఊరుకోలేదు. డిగ్రీ అయిపోయి, పోటీ పరీక్షలకు చదువుతున్నానని అందరినీ నమ్మించిన రోజులవి. తీరిక ఎక్కువ.

"అక్కా, కోసిన ముక్క ఇంటికి ఇచ్చి పంపుతరా?"

"ముక్క తియ్యర్రా. పొట్టను చిన్నగ చేసి, పేగును దానికి కలుపుతరు. దారి మారుస్తరంతే."

"అంటే బైపాస్ రోడ్డా? ఇగ లోపలి హోటళ్లన్నీ మూతే."

అక్క నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే. అందుకే ఆపరేషన్‌కు తోడు నేనే పోతానన్నాను.

హైదరాబాద్ దవాఖానాలో డాక్టర్ పిలుపు కోసం బెంచీ మీద కూర్చున్నాం. పక్కనే ఒకావిడ ఉంది. ఎల్లందులో బొగ్గుబావి కార్మికుడి భార్య. ఏడాది కింద అదే ఆపరేషన్ అయి, చెకప్‌కు వచ్చింది. రవికెకు లోపల్నుంచి రెండు వరసలు కుట్టుకుంది, అయినా వదులుగానే ఉంది. అక్క కొంగు చివర ముడి వేస్తూ విప్పుతూ ఉండటం చూసి అడిగింది:

"ఏం చెల్లె, భయమైతాందా?"

"లేదక్కా."

"అయితే నువ్వు అబద్ధాలు మంచిగ చెప్తవ్. నాకైతే ఈ బెంచీ మీద కాళ్లు వణికి చెప్పులు చప్పుడు చేసినయ్."

అరగంటలో ఆమె మాకు తన కడుపు చరిత్రంతా చెప్పింది. మూడో నెలలో వాంతులు పట్టుకున్నాయట. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదట. "తినొద్దన్నది తిన్నవు కావచ్చు అంటరని. ఏం తిన్నదీ లేదు, లోపల దారి ఇరుకైంది. చెప్పకపోవుడే నా తప్పు." అని, నా ఫోన్‌లో తన నంబరు తానే కొట్టింది. "ప్రతి ఆదివారం చేస్త చెల్లె. ఇంట్లోళ్లకు చెప్పకున్నా మానె, నాకు మాత్రం నిజం చెప్పాలె."

ఆపరేషన్ బాగానే అయింది. అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది.

దవాఖానావాళ్లు ఇచ్చిన కాగితాన్ని నేను వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మకు తెలుగులో చదివి వినిపించాను. మొదట పప్పుకట్టు, మజ్జిగ. తర్వాత మెత్తగా చేసిన పప్పు, గుడ్డు, చేప. రోజూ విటమిన్ గోళీలు, జీవితాంతం. అమ్మ మొహంలో రంగులు మారిపోయాయి.

"కుట్లు పచ్చిగున్న పిల్లకు పప్పా? గుడ్డా? చీము పట్టదా? గీ కాయితం రాసినోడు కుట్లు పడ్డోళ్లను ఎన్నడన్న సూసిండా?"

"ఆయనే కుట్లు ఏసిండే అమ్మా."

"ఏసుడు వేరు, మానుడు వేరు. నేను ఇద్దర్ని కన్న."

అట్లా మా ఇంట్లో బాలింత పత్యం మొదలైంది, బాలింత లేకుండానే. పాతబియ్యం మెత్తటి అన్నం, మిరియాల చారు, చిటికెడు ఎల్లిగడ్డ కారం. పప్పు లేదు, గుడ్డు లేదు, పెరుగు లేదు. గోళీలు వేడి చేస్తాయని, కుట్లు మానేదాకా బీరువా మీద పెట్టింది.

నేను అక్క మంచం దగ్గరికి పోయి మెల్లగా అడిగాను: "చర్లల గీ పత్యం మీదనే గదా నువ్వు అందరితోని కొట్లాడేది?"

అక్క పైకప్పు చూస్తూ అంది: "ఆడ నేను సిస్టర్నిరా. ఈడ బిడ్డను. అమ్మ ఆపరేషన్ ఒద్దన్నది, అయినా నా మాట కాదనలే. వంటన్న ఆమె ఇష్టం కానీ. నలభై దినాలే గదా."

అమ్మ ముద్ద కలిపి నోట్లో పెడుతుంటే అక్క కళ్లు మూసుకొని తినేది. ముప్పైకి దగ్గరపడిన మనిషి, వందలమందికి సూదులు వేసిన మనిషి, చిన్నపిల్లలాగా నోరు తెరిచేది. చూడముచ్చటగా ఉండేది. ఆ ముచ్చటే మా కొంప ముంచింది.

పదిహేను రోజులకు స్నానాలగదిలో నల్లా తిరిగే చప్పుడు ఎక్కువైంది. తిన్న ప్రతిసారీ అక్క లోపలికి పోయేది, నల్లా తిప్పేది. తలుపు తెరిచాక కళ్లు ఎర్రగా ఉండేవి.

"వాంతులా?" అన్నాను.

"అమ్మకు చెప్పకు. అత్తకు తెలిస్తే ఊరంత చెప్తది, సూసినవా ఏమైందో అని."

చెప్పలేదు. రహస్యం దాచడమంటే నమ్మకస్తుడిననిపించుకోవడం అనుకున్నాను. పైగా జోకులు కూడా వేశాను. "అక్కా, మున్సిపాలిటోళ్లు వచ్చి నల్లా పీక్కపోతరు." ఆమె నవ్వేది. నవ్వుతోంది కదా, బాగానే ఉందనుకున్నాను. ఆదివారం ఎల్లందు నుంచి ఫోనొస్తే "మంచిగున్నక్కా" అనేది. నేను పక్కనే కూర్చొని పేపర్ చదివేవాణ్ణి.

అమ్మకూ అనుమానం రాకపోలేదు. ఒకసారి చప్పుడు విని, "లోపలి చెడు పోతాంది తియ్యి" అనుకొని, చారులో ఇంకో నాలుగు మిరియాలు వేసింది.

నెల దాటింది. ఒక శనివారం సాయంత్రం అక్క వరండాలోంచి గేటు దాకా నడిచింది, గోడ పట్టుకొని. ఒక చెప్పు మధ్యదారిలో ఊడిపోయింది. ఆమె ఆగలేదు. ఒంటి చెప్పుతోనే గేటు దాకా పోయి నిలబడింది.

"అక్కా, నీ చెప్పు నీతోని రానంటాంది."

ఆమె కిందికి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "ఊడిందని తెల్వలేదురా," అంది.

నేను జోకు మానేసి, ఆ చెప్పు తెచ్చి ఆమె కాలికి తొడిగాను.

తెల్లారి ఆదివారం. ఫోన్ మోగింది. అక్క ఎప్పటిలాగే "మంచిగున్నక్కా" అంది. నేను ఫోన్ గుంజుకున్నాను. "అబద్ధం అక్కా. మూడు వారాల నుంచి వాంతులు. కాలి చెప్పు ఊడినా తెలుస్తలేదు."

అవతలి నుంచి ప్రశ్నలు వరసగా వచ్చాయి. గోళీలు వేసుకుంటోందా? బీరువా మీదున్నాయి. పప్పు, గుడ్డు? పత్యం. కళ్లెట్లా ఉన్నాయి?

అక్కను అడిగాను. ఆమె తల దించుకుంది. "అప్పుడప్పుడు ఒకటి రెండుగ కనబడ్తాంది."

"నేను ఇద్దరు కనబడుతున్ననా?"

"ఒక్కనివే ఎక్కువ రా."

ఎల్లందు అక్క గొంతు మారిపోయింది. "తమ్మీ, ఇను. ఇది ఉత్త నీరసం కాదు. ఒంట్ల బీ-వన్ విటమిన్ అయిపోయినట్టున్నది, నా వాంతులప్పుడు డాక్టరు చెప్పిండు. ఆలస్యమైతే నడక పోతది, ఆ తర్వాత తెలివి గూడ పోతది. పెద్ద డాక్టరుకు నేను ఫోన్ చేస్త. నువ్వు జీపు మాట్లాడు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. ఆ బీ-వన్ సూది పడకముందు ఎవలనూ గ్లూకోజ్ ఎక్కియ్యనియ్యకు. ఇంకింత నష్టమైతది."

నాయిన డ్యూటీలో ఉన్నాడు. నేను జీపు కోసం పోయి వచ్చేలోపు అమ్మ తన పని తాను చేసింది. కాలనీ ఆర్ఎంపీని పిలిపించింది. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి క్యాలెండర్ తీసిన మేకుకు గ్లూకోజ్ సీసా వేలాడుతోంది. ఆయన అక్క చేతికి దూది రాస్తున్నాడు.

నేను పోయి మంచం మీద, అక్క చేతికీ ఆయనకూ మధ్య కూర్చున్నాను. నా జీవితంలో నేను చేసిన ఏకైక సాహసం అది. కూర్చొని చేసింది.

"లేవురా! పిల్ల సోలిపోతాంటే నీ ఆటలేంది?" అమ్మ చీపురు అందుకుంది.

"కొట్టు. లేవను. డాక్టర్ ఫోన్ వచ్చేదాక సూది గుచ్చేది లేదు."

ఫోన్ వచ్చింది. హైదరాబాద్ డాక్టర్ ఆర్ఎంపీతోనే మాట్లాడాడు. ఆర్ఎంపీ రెండు నిమిషాలు "సార్, సార్" అని, మారు మాట లేకుండా సీసా దింపాడు. కొత్తగూడెం పెద్దదవాఖానాకు పోవాలి, ముందు బీ-వన్ సూది, ఆ తర్వాతే మిగతావి, అక్కడి నుంచి హైదరాబాద్. జీపువాడు డీజిల్ పోయించుకొని వస్తానని పోయినవాడు గంటన్నర దాటినా రాలేదు. అంతలో గేటు దగ్గర ఆటో ఆగింది. ఫోన్ పెట్టేసి బస్సెక్కిన ఎల్లందు అక్క దిగింది, చెమటలతో.

మా అమ్మ ఎంత కోపంలో ఉన్నా, గడప తొక్కిన మనిషికి ఏమన్నా పెట్టకుండా మాట్లాడలేదు. కంచం నిండా అన్నం పెట్టి తెచ్చింది.

"తినమ్మా, ఎండల వచ్చినవ్."

"పెద్దమ్మా, ఇంత నేను తినలేను. ఒక్క గుడ్డు ఉడకబెట్టు, ఉంటే."

గుడ్డు ఉడికింది. ఎల్లందు అక్క దాన్ని గోరంత ముక్కలు చేసి, నమిలి నమిలి, సగం తిని ఆపింది. అమ్మ ఆ మిగిలిన సగాన్ని అవమానంలాగా చూసింది. అప్పుడు ఎల్లందు అక్క నన్ను బయటికి పొమ్మని సైగ చేసి, కొంగు తప్పించింది. గుమ్మం అవతల నుంచి మాటలు వినబడుతున్నాయి.

"సూడు పెద్దమ్మా. ఐదు గాట్లు. ఆపరేషన్ అయిన రెండో వారం నుంచి పప్పు తాగిన, నెలకు గుడ్డు తిన్న. చేయి పెట్టి సూడు. చీమున్నదా?"

అమ్మ ఒక్కో గాటూ తడిమినట్టుంది. తర్వాత, "నున్నగున్నయ్," అంది.

"నీ పత్యం తప్పని అంటలే. పెద్ద పొట్టకు అది నడుస్తది. మా పొట్టలు పిడికెడంతనే. ఆ పిడికెట్లకు ఉత్త చారు పోస్తే బలం ఏడికెల్లి వస్తది?"

అమ్మ అక్క వైపు తిరిగినట్టుంది. "వాంతులైతున్నయని నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు కలిపి పెట్టింది వాంతి చేసుకుంటున్నని ఎట్ల చెప్పాలె అమ్మా?"

నేను గేటు దగ్గరికి పోయి జీపు కోసం చూశాను. రాలేదని తెలిసినా చూశాను.

కొత్తగూడెంలో సూది పడింది. హైదరాబాద్‌లో లోపలికి గొట్టం పంపి చూస్తే, పొట్టకూ పేగుకూ అతుకు వేసినచోట దారి ఇరుకైపోయి ఉంది. బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. డాక్టర్ ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. "ఇరుకు కావడం ఎవరి తప్పూ కాదు. చెప్పకుండా ఉండటమే ప్రమాదం," అన్నాడంతే. కళ్లు త్వరగా బాగవుతాయి, కాళ్లకు నెలలు పడుతుంది, మొత్తం తిరిగొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

అక్క ఆ మాట విని అడిగింది ఒకటే. "వాగు దాటగలుగుతనా సార్?"

ఆయనకు ఏ వాగో తెలియదు. "చూద్దాం," అన్నాడు.

నాలుగో రోజుకు నేను మళ్లీ ఒక్కణ్ణే కనబడ్డాను. ఇంటికొచ్చాక అమ్మ పెసరపప్పును మెత్తగా ఉడికించి, రెండుసార్లు వడగట్టి, చెంచాతో పట్టేది. చేత్తో కలపడం మానేసింది. ఒక రోజు అక్కే అంది, "గుడ్డు చేత్తోనే పెట్టు అమ్మా, చెంచా దవాఖానా లెక్కనున్నది." అమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, గుడ్డు చిదిమింది. గోళీలు బీరువా మీంచి దిగి దేవుడి పటం పక్కకు చేరాయి. ఆదివారం ఫోన్ మోగితే ఇప్పుడు మొదట అమ్మే ఎత్తేది. "ఇయ్యాల మూడు చెంచాలు తిన్నది, వాంతి కాలే, కానీ నీళ్లు తక్కువ తాగింది," అని అక్క మీద చాడీలు చెప్పేది. అక్కడి నుంచి తిట్లు అక్కకు నేరుగా అందేవి.

కాళ్లు మాత్రం మొండికేశాయి. ఫిజియోథెరపీ ఆయన చెప్పినట్టు పొద్దున్నే నేను పెన్ను మూతతో అక్క అరికాలి మీద గీసేవాణ్ణి. ఆమె కళ్లు మూసుకొని, తెలిస్తే చెప్పాలి.

"గీసినవా?"

"గీసి టీ తాగి వచ్చిన."

అట్లా వారాలు గడిచాయి. గోడ పట్టుకొని నడిచేది, గోడ వదిలితే తాగినోళ్ల లాగా తూలేది. చర్ల నుంచి తోటి సిస్టర్ ఫోన్ చేసి, నీ ఊళ్లకు నేను పోతున్న, ఫికర్ చెయ్యకు అంది. తనకు నడక లేని సంగతి ఎవరో దయగా చెప్పినట్టయింది అక్కకు.

ఆ తర్వాత ఒక పొద్దున, కుడి అరికాలు మీద మామూలుగానే మడమ నుంచి వేళ్ల దాకా గీశాను. ఆమె కాలు విదిల్చింది. విదిల్చడం కాదు, తన్నింది. నా గదవకు తగిలింది, పళ్లు టక్కుమన్నాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"చక్కిలిగిలి పెట్టినవ్ రా," అంది అక్క, దొంగను పట్టుకున్నట్టు.

అమ్మ వంటింట్లోంచి తడిచేతులతోనే ఉరికొచ్చింది. నేను ఫోన్ అందుకున్నాను. అది ఆదివారం కాదు. పిలవాల్సింది డాక్టర్‌ను కావచ్చు. నేను ఎల్లందుకే కొట్టాను.

"అక్కా! తన్నింది!"

"ఎవలు?"

"మా అక్క. కుడికాలుతోని. గదవ మీద."

అవతల ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆమె తన మామూలు గొంతుతో అంది:

"ఒక్క కాలుకే మురుస్తున్నవా? పో, రెండో కాలుతోని గూడ తన్నించుకొని ఫోన్ చెయ్యి."

నేను దవడ రుద్దుకుంటూ పోయి ఎడమకాలి దగ్గర కూర్చున్నాను.