జర చెప్పనియ్యక్కా

శంషాబాద్‌లో బస్సెక్కినప్పటి నుంచీ మూడో తరగతి చదివే మా అమ్మాయితో నాకు యుద్ధమే. మర్నాడు సైన్సు పరీక్ష. మొక్క పాఠం అప్పజెప్పమంటే కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అంటూ పుస్తకం దాని ఒళ్లో పడేశాను.

దాని పక్కన ఎయిర్‌పోర్టులో ఊడ్చే పని ముగించుకొచ్చిన ఒకావిడ, ఇంకా యూనిఫాంలోనే, కూర్చుని ఉంది. పుస్తకంలోకి వంగి చూసి, "గీ బొమ్మ ఏంది బిడ్డా? నాకు సదువు రాదు, జర చెప్పు" అంది.

ఆకు ఎండలో ఆహారం ఎలా తయారుచేసుకుంటుందో మా అమ్మాయి గడగడా చెప్పసాగింది. మధ్యలో, నేలలోని నీళ్లను కాండం పీలుస్తుందంది. నాకు ఒళ్లు మండి దిద్దబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"జర చెప్పనియ్యక్కా. మా పిల్ల రోజూ గిట్లనే నాకు చెప్తది. నడుమల ఆపితే ఇగ నోరు తెరవది."

రెండు మాటల తర్వాత, "కాదు కాదు, వేరు" అని మా అమ్మాయి తనే దిద్దుకుంది. సాతంరాయిలో ఆవిడ దిగిపోయింది.

ఇంటికొచ్చాక, "నాకూ ఆ పాఠం చెప్పవా?" అని అడిగాను.

"నీకు తెలుసుగా మమ్మీ! తప్పు చెప్తే తిట్టడానికి అడుగుతున్నావు" అంది.

కాదని చెప్పాను. అది నమ్మలేదు.